ప్రైమ్95 సమీక్ష: బహుమతి కోసమైతే వద్దు, లెక్క కోసమైతే పెట్టుకోండి

ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ చేత అతి పెద్ద ప్రధాన సంఖ్యలను వెతికించే ఉచిత ప్రోగ్రాం పేరు ప్రైమ్95. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ ప్రారంభించిన గింప్స్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టుకు ఇదే ప్రధానమైన పనిముట్టు. లోకమంతటా వేలాది మంది తమ యంత్రాల ఖాళీ సమయాన్ని దీని ద్వారానే ఆ వెతుకులాటకు ఇస్తున్నారు. పర్లాకిమిడిలో ప్లస్ టూ సైన్సు పిల్లలకు లెక్కలు చెప్పుకునే నా గదిలో ఒక డెస్క్‌టాప్ మీద ఇది చాలాకాలంగా నడుస్తోంది. దీనివల్ల డబ్బు వస్తుందని, పేపర్లో పేరు పడుతుందని ఆశపడేవారు ఈ సమీక్ష చదవనక్కర్లేదు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అని రుజువు చేయడమంటే ఏమిటో పిల్లలకు కళ్ల ముందు చూపించాలనుకునే మాస్టార్ల కోసం, కొత్తగా కొన్న కంప్యూటర్‌ను నిజంగా పరీక్షించి చూసుకోవాలనుకునే వారి కోసం రాస్తున్నాను.

ఇది అన్ని రకాల ప్రధాన సంఖ్యలనూ వెతకదు. 2ను ఏదో ఒక ఘాతానికి హెచ్చించి, అందులోంచి 1 తీసివేస్తే వచ్చే సంఖ్యలనే చూస్తుంది. 3, 7, 31, 127 ఈ కోవలోవే. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి మరాన్ మెర్సెన్ పేరిట వీటిని మెర్సెన్ సంఖ్యలంటారు. ఘాతాంకం ప్రధాన సంఖ్య కాకపోతే ఫలితం కూడా కాదు: 15ను 3 భాగిస్తుంది కాబట్టి 2^15 − 1, అంటే 32,767ను 2^3 − 1 అయిన 7 భాగించి తీరుతుంది. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన పని జరగదు సుమా. 2^11 − 1 అయిన 2,047 విలువ 23 × 89. ఇంతవరకు దొరికిన మెర్సెన్ ప్రధాన సంఖ్యలు 52 మాత్రమే. వాటిలో చివరిది 2^13,62,79,841 − 1. దీన్ని ల్యూక్ డ్యూరంట్ అనే అమెరికన్ కనుగొనగా, 2024 అక్టోబరు 21న ప్రకటించారు. అంతకుముందున్న రికార్డు 2018 డిసెంబరు నాటిది. మన జిల్లాను తిత్లీ తుఫాను కుదిపేసిన రెండు నెలలకు అది దొరికింది.

ఆ సంఖ్యలో 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలున్నాయి. ఈ మాట చెప్పగానే పిల్లలు కళ్లు పెద్దవి చేసి ఊరుకుంటారు, అక్కడితో వదిలేస్తే పాఠం దండగే. అసలు రుచి ఏమిటంటే, ఎవరూ పూర్తిగా చదవలేని ఆ సంఖ్య గురించి ప్లస్ టూ లెక్కలతోనే చాలా సంగతులు తేల్చవచ్చు. ఘాతాంకాన్ని 2 యొక్క సంవర్గమానమైన 0.30102999566తో గుణిస్తే 4,10,24,319.945 వస్తుంది, పూర్ణాంక భాగానికి ఒకటి కలిపితే అంకెల లెక్క దొరుకుతుంది, మిగిలిన 0.945కు ప్రతిసంవర్గమానం తీస్తే సుమారు 8.81 కాబట్టి సంఖ్య 881తో మొదలవుతుందని తెలుస్తుంది. చివరి అంకెలకు శేషాల లెక్క చాలు. 2 ఘాతాల ఆఖరి రెండు అంకెలు, 4తో మొదలుపెట్టి చూస్తే, ప్రతి ఇరవై ఘాతాలకూ మళ్లీ అవే వస్తాయి. మన ఘాతాంకాన్ని 20తో భాగిస్తే శేషం 1, 2^21 ఆఖరి రెండు అంకెలు 52, అందులోంచి 1 పోతే 51. అంటే సంఖ్య 51తో ముగుస్తుంది. 9తో భాగిస్తే శేషం 4 అని కూడా ఇదే తోవలో తేలుతుంది. ఇక ద్విసంఖ్యామానంలో రాస్తే దీనికి అసలు వర్ణనే అక్కర్లేదు: 13,62,79,841 ఒకట్లు వరుసగా, మధ్యలో ఒక్క సున్నా లేకుండా. కంప్యూటర్‌లో దాచుకోవడానికి 17 మెగాబైట్లు సరిపోతాయి, ఫోనులో నాలుగైదు ఫొటోల పాటి.

ఈ రూపానికి ఉన్న రెండో సౌకర్యం కారణాంకాల దగ్గర కనిపిస్తుంది. మెర్సెన్ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని ఘాతాంకానికి రెట్టింపుతో భాగిస్తే శేషం 1 రావాలి. 8తో భాగిస్తే శేషం 1 గాని 7 గాని రావాలి. 2,047 కారణాంకాలైన 23, 89లను 22తో భాగించి చూడండి, రెంటికీ 1 మిగులుతుంది. రికార్డు సంఖ్యకు ఇదే నియమం వర్తింపజేస్తే మొదటి అభ్యర్థి 27,25,59,683. 8తో భాగిస్తే శేషం 3 కాబట్టి ప్రయత్నించకుండానే పక్కన పెట్టవచ్చు. రెండోది 54,51,19,365, దాని ఆఖరి 5 చూస్తేనే కథ తెలిసిపోతుంది. మూడోది 81,76,79,047, దానికి 8తో శేషం 7, కాబట్టి అది మాత్రం ఈ జల్లెడలో నిలుస్తుంది. అంటే ఇరవై ఏడు కోట్ల లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటినీ ఒక్క భాగహారం కూడా చేయకుండానే కొట్టివేశామన్నమాట. ప్రైమ్95 ప్రతి అభ్యర్థినీ మొదట ఈ దారిలోనే ఏరుతుంది; పలాస జీడిపప్పు బట్టీల్లో గుండు వేరు, ముక్క వేరు చేసి, ఖరీదైన పనికి గుండునే పంపినట్టు, చిన్న కారణాంకం దొరికిన ఘాతాంకాలు ఇక్కడే రాలిపోయి, మిగిలినవే అసలు పరీక్షకు వెళతాయి.

అసలు పరీక్షను బోర్డు మీద చేసి చూపించకుండా ఈ ప్రోగ్రాంను పిల్లలకు పరిచయం చేయకూడదని నా అభిప్రాయం. దాని పేరు లూకా–లెహ్మర్ పరీక్ష. 4తో మొదలుపెట్టాలి, వర్గం చేసి, 2 తీసివేసి, మన మెర్సెన్ సంఖ్యతో భాగించి శేషం తీసుకోవాలి, ఆ శేషంతో మళ్లీ అదే పని. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు ఇలా చేశాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 31కి చూద్దాం: 4, తరువాత 14, తరువాత 194ను 31తో భాగిస్తే 8, తరువాత 62ను భాగిస్తే సున్నా. ఘాతాంకం 5, మూడు మెట్లు, పని పూర్తి. 127కు 4, 14, 67, 42, 111, సున్నా. ఇప్పుడు 2,047: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. సున్నా రాలేదు. కాబట్టి 2,047 ప్రధాన సంఖ్య కాదని రుజువైంది. కాని ఈ వరుస మొత్తంలో 23 ఎక్కడా కనబడదు, 89 ఎక్కడా కనబడదు. ఏ సంఖ్య దాన్ని భాగిస్తుందో చెప్పకుండానే, భాగించేది ఒకటి ఉందని మాత్రం ఆ 1736 తేల్చి చెబుతోంది.

ఈ తేడా మొదట నాకే ఎంతో వింతగా అనిపించేది, ఇప్పుడు దీన్నే ఎక్కువసేపు చెబుతుంటాను. మెర్సెన్ 1644లో ఇచ్చిన జాబితాలో 67వ ఘాతం కూడా ఉంది. 1876లో ఎడ్వర్డ్ లూకా దాన్ని తప్పని చూపాడు, కాని కారణాంకాలు చెప్పలేకపోయాడు. అవి 19,37,07,721 ఒకటి, 7,61,83,82,57,287 ఇంకొకటి అని తేలడానికి 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ దాకా ఆగవలసి వచ్చింది. అలాంటి స్థితిలోనే ఇవాళ్టికీ ఉన్న సంఖ్య 2^1277 − 1. అందులో 385 అంకెలే, నోటుపుస్తకంలో ఒక పేజీలో పడుతుంది. అది ప్రధాన సంఖ్య కాదని నిస్సందేహంగా తెలుసు, దాన్ని భాగించే సంఖ్య ఒక్కటీ తెలియదు. కోట్ల అంకెల సంఖ్య గురించి అవుననో కాదనో చెప్పగల యంత్రాలు 385 అంకెల దాన్ని విడగొట్టలేకపోతున్నాయంటే, పరీక్షించడం వేరు, విడగొట్టడం వేరు అన్న సంగతి ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక ప్రోగ్రాం విషయానికి వస్తాను. విండోస్‌కు, లైనక్స్‌కు, మ్యాక్‌కు వేరువేరు ప్రతులున్నాయి. ఇన్‌స్టాల్ అంటూ ఏమీ లేదు. జిప్ ఫైలు దించుకుని, ఒక ఫోల్డరులో విప్పి, నేరుగా తెరవడమే. మొదటి తెరలోనే, ప్రాజెక్టులో చేరతారా లేక యంత్రాన్ని పరీక్షించుకుంటే చాలా అని అడుగుతుంది. చేరితే సర్వరు ఒక ఘాతాంకం కేటాయిస్తుంది, ఆ తరువాత మనం చేయవలసింది దాదాపు ఏమీ లేదు. రూపం మాత్రం పాతికేళ్ల నాటిది: బూడిదరంగు కిటికీలు, అందులో అక్షరాల వరుసలు, బొమ్మలు శూన్యం. నాకైతే అది నచ్చింది, ఎందుకంటే తెర మీద కనిపించే ప్రతి అంకెకూ అర్థముంది. సహాయ పత్రాలన్నీ ఇంగ్లీషులోనే ఉండటం, అదీ అప్పటికే విషయం తెలిసినవారి కోసం రాసినట్టుండటం మాత్రం పెద్ద లోటు. ఒడియా మీడియంలో చదివిన పిల్లలైనా, ఇంట్లో తెలుగు చదవడం నేర్చుకున్న పిల్లలైనా పక్కన ఒకరు లేకుండా మెనూలు దాటలేరు.

ఇప్పటి ప్రతులు మొదటి పరీక్షగా లూకా–లెహ్మర్‌ను వాడవు. 3ను ఆధారంగా తీసుకుని ఫెర్మా సిద్ధాంతం మీద నడిచే పరీక్ష ఒకటి చేస్తాయి. అందులో నెగ్గినదానికే లూకా–లెహ్మర్ పెడతారు. కారణం గణితపరమైనది కాదు, ఆచరణకు సంబంధించినది. రాబర్ట్ గెర్బిజ్ 2017లో సూచించిన ఒక తనిఖీ ఈ ఫెర్మా పరీక్షకు చక్కగా అతుకుతుంది. లెక్క మధ్యలో యంత్రం ఎక్కడైనా తడబడితే ఆ తనిఖీ పట్టుకుంటుంది, ప్రోగ్రాం సరిగా ఉన్న చోటికి వెనక్కి వెళ్లి మళ్లీ చేస్తుంది. పైగా పరీక్ష అయ్యాక ఒక రుజువు ఫైలు కూడా తయారవుతుంది. దాని సాయంతో మరో యంత్రం మొత్తం పని తిరిగి చేయకుండా, చాలా కొద్ది సమయంలోనే మన ఫలితాన్ని నిర్ధారించగలదు. పూర్వం ప్రతి ఫలితాన్నీ వేరొకరు మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చేసి సరిచూడవలసి వచ్చేది. ఆ రుజువు ఫైలు కోసం డిస్కులో కొన్ని గిగాబైట్లు ఖాళీ ఉంచాలన్నది గుర్తుంచుకోండి.

నా యంత్రం నాలుగు కోర్ల సాధారణమైనది. తెర మీద పదివేల మెట్లకొకసారి ఒక వరుస పడుతుంది: ఎన్నో మెట్టు, మొత్తంలో ఎంత శాతం, ఒక్కో మెట్టుకు ఎన్ని మిల్లీసెకన్లు, ఇంకా ఎంతకాలం. మెట్టుకు 10 మిల్లీసెకన్లు అనుకుంటే, పదమూడు కోట్ల చిల్లర మెట్లకు నిర్విరామంగా 15 రోజులకు పైగా పడుతుంది. ఒక్కో మెట్టులో నాలుగు కోట్ల అంకెల సంఖ్యను దానితోనే గుణించి, భాగించి శేషం తీయడం పది మిల్లీసెకన్లలో అయిపోతోందంటే, బడిలో నేర్చిన గుణకారంతో అది సాధ్యం కాదు. ఎఫ్‌ఎఫ్‌టీ అనే రూపాంతరం వాడతారు. భాగహారమైతే నిజానికి లేనే లేదు. 9తో శేషం కావాలంటే అంకెలు కూడినట్టే, అన్నీ ఒకట్లయిన సంఖ్యతో శేషం కావాలంటే పెద్ద సంఖ్యను ద్విసంఖ్యామానంలో రెండు ముక్కలు చేసి కూడితే చాలు. మెర్సెన్ సంఖ్యలే రికార్డులు కొడుతూ రావడానికి సగం కారణం ఈ సులువే.

అంత పనీ అయ్యాక తెర మీద పడేది ఒకే వరుస. ఫలానా ఘాతాంకానికి సంఖ్య ప్రధానం కాదు, శేషం ఆఖరి భాగం ఇది అని, అంకెలూ అక్షరాలూ కలిసిన 16 గుర్తులు. మొదటిసారి అది చూసిన ఒక కుర్రవాడు, "ఏటి మాస్టారూ, ఇన్నాళ్లు ఫ్యాను తిరిగిందీ కాదని చెప్పడానికేనేటి?" అన్నాడు. బోర్డు మీది 1736 ఎంతో, ఈ 16 గుర్తులూ అంతే అని చెప్పాను. ప్రపంచంలో ఏ మూలన ఎవరు ఆ పరీక్ష సరిగ్గా చేసినా ఆ గుర్తులే రావాలి. ఒక్కటి తేడా వచ్చినా ఎవరో ఒకరి యంత్రం తప్పు చేసిందని అర్థం. వాడికి అది నచ్చిందో లేదో గాని, మరునాడు 13వ ఘాతానికి, అంటే 8,191కి, మెట్లన్నీ నోటుపుస్తకంలో చేసుకుని సున్నా తెచ్చి చూపించాడు.

కరెంటు సంగతి దాచకుండా చెప్పాలి. ప్రాసెసరు పూర్తిగా పనిచేస్తుంటే ఊరకే ఉన్నప్పటి కంటే వంద వాట్ల దాకా అదనంగా లాగుతుందనుకుంటే, రోజుకు 2.4 యూనిట్లు, ఒక పరీక్షకు 36 యూనిట్లు. యూనిట్ ఐదారు రూపాయల లెక్కన సుమారు 200 రూపాయలు. ఇది ఉచిత ప్రోగ్రామే గాని ఉచితమైన పని కాదు. కాలవైశాఖి గాలులకు మా వీధిలో కరెంటు పోవడం మామూలే. దాని గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. ప్రోగ్రాం అరగంటకొకసారి తన పనిని డిస్కులో భద్రం చేస్తుంది, కరెంటు వచ్చాక అక్కడి నుంచే కొనసాగుతుంది. తిత్లీ నాటిలా రోజుల తరబడి చీకటైనా పోయేది అరగంట పనే. మే నెల మధ్యాహ్నాల్లో మాత్రం నేను ఆపేస్తాను, యంత్రం కోసం కొంత, ఆ గదిలో కూర్చునే పిల్లల కోసం ఎక్కువ.

రెండో ఉపయోగం యంత్ర పరీక్ష. బరంపురంలో ఒక దుకాణంలో కట్టించిన ఇంకో కంప్యూటర్ అప్పుడప్పుడూ కారణం లేకుండా ఆగిపోయేది. "విండోస్ బాగానే తెరుచుకుంటోంది కదా సార్" అన్నది దుకాణం వాళ్ల జవాబు. యంత్రాన్ని గట్టిగా శ్రమపెట్టి చూసే టార్చర్ టెస్టు ప్రైమ్95లో ఉంది; అందులో ప్రాసెసరునూ మెమరీనీ కలిపి పరీక్షించే బ్లెండ్ అన్నది పెట్టగానే, కొద్దిసేపటికే ఎర్రగుర్తుతో సందేశం వచ్చింది: రౌండింగు తేడా 0.5, ఉండవలసింది 0.4 లోపు. దాని అర్థం సరళమైనదే. ఎఫ్‌ఎఫ్‌టీ లెక్క దశాంశాల్లో సాగుతుంది, ఫలితాలు మాత్రం పూర్ణాంకాలకు అతి చేరువగా రావాలి. తేడా సగానికి చేరిందంటే అటు పూర్ణాంకమో ఇటు పూర్ణాంకమో తెలియదన్నమాట, ఎక్కడో మెమరీ గాని ప్రాసెసరు గాని తప్పు చేసింది. రెండు ర్యామ్ ముక్కలను ఒక్కొక్కటిగా తీసి పరీక్షిస్తే దోషి దొరికింది, ఆ సందేశం ఫొటో చూపాక మార్చి ఇచ్చారు. ఇది చిన్నస్థాయి ముచ్చట. 2016లో ఇంటెల్ వారి స్కైలేక్ ప్రాసెసర్లలోని దోషం ఒకటి బయటపడింది కూడా ఈ ప్రోగ్రాం నడిపేవారి వల్లనే, దాన్ని ఆ సంస్థ అంగీకరించి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే బయోస్ అనే ప్రోగ్రాం ద్వారా సరిచేసింది.

బహుమతి విషయం. కొత్త మెర్సెన్ ప్రధాన సంఖ్య కనుగొన్నవారికి గింప్స్ 3,000 డాలర్లు ఇస్తుంది. పదికోట్ల అంకెల ప్రధాన సంఖ్యకు ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ లక్షన్నర డాలర్లు ప్రకటించింది. దానికి ఘాతాంకం 33 కోట్ల 21 లక్షలు దాటాలి, ఇంటి యంత్రం మీద అది నెలల తరబడి పని. ఒక్కో పరీక్షకు నెగ్గే అవకాశం లక్షల్లో ఒకటి. పైగా ఆట స్వరూపమే మారిపోయింది. డ్యూరంట్ 17 దేశాల్లోని డేటా కేంద్రాల గ్రాఫిక్ ప్రాసెసర్లను అద్దెకు తీసుకుని వెతికించాడు. డబ్లిన్‌లోని ఒక ప్రాసెసరు మొదట సూచన ఇస్తే, టెక్సాస్‌లోని మరొకటి లూకా–లెహ్మర్‌తో ధ్రువీకరించింది. అప్పటికి 28 ఏళ్లుగా ఈ రికార్డులన్నీ మామూలు కంప్యూటర్లవే. ఆయన వాడిన ప్రోగ్రాం కూడా ప్రైమ్95 కాదు, గ్రాఫిక్ కార్డుల కోసం మిహాయ్ ప్రెడా రాసిన జీపీయూఔల్. కాబట్టి పర్లాకిమిడి గదిలోని నాలుగు కోర్ల యంత్రంతో 53వది దొరుకుతుందనుకుంటే, లాటరీ టికెట్టు కొనుక్కోవడమే తక్కువ ఖర్చు.

ఇంత పెద్ద సంఖ్య బ్యాంకుల రహస్య సంకేతాలకు పనికొస్తుందని చాలామంది అంటుంటారు. పనికిరాదు. ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో వాడే ప్రధాన సంఖ్యలకు మూడు వందల చిల్లర అంకెలే ఉంటాయి, వాటి విలువంతా ఎవరికీ తెలియకపోవడంలోనే ఉంది. లోకమంతటికీ తెలిసిన సంఖ్యతో ఏ తాళమూ వేయలేము. గణితానికి మాత్రం ఒక కానుక తప్పకుండా వచ్చింది. మెర్సెన్ ప్రధాన సంఖ్య దొరికిన ప్రతిసారీ, యూక్లిడ్ చెప్పినట్టే, 6, 28, 496, 8,128 వరుసలోకి తన కంటే చిన్నవైన భాజకాలన్నీ కూడితే తిరిగి తానే వచ్చే ఒక కొత్త పరిపూర్ణ సంఖ్య చేరుతుంది. ఈసారి చేరినదానికి 8 కోట్ల 20 లక్షల 48 వేల 640 అంకెలు.

పాత ల్యాప్‌టాప్ మీద దీన్ని రాత్రింబవళ్లు నడపవద్దని నా సలహా, వేడికి అది తట్టుకోదు. డెస్క్‌టాప్ ఉన్నవారు ప్రాసెసరు ఉష్ణోగ్రత చూపే వేరే ప్రోగ్రాంను పక్కన పెట్టుకుని, మొదటి రోజు గమనించాకే వదిలేయాలి. పాఠశాల ల్యాబ్‌లో పెట్టేవారు ప్రధానోపాధ్యాయుల అనుమతితో పాటు కరెంటు బిల్లు కట్టేవారి అనుమతి కూడా తీసుకోవడం మర్యాద. కోట్ల అంకెల పరీక్షకు ఓపిక లేనివారు పని రకాన్ని మార్చుకుని, చిన్న మెర్సెన్ సంఖ్యల కారణాంకాలు వెతికే పని కోరవచ్చు; అందులో ఒక్కో విడత త్వరగా ముగుస్తుంది, 1277 మీద ప్రయత్నించడానికీ అదే దారి. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ సహాయ పత్రాల ఖాతాలో.